పగడాలకు నీడ మంజూరు

సముద్రానికి పుట్టుకతోనే క్రమశిక్షణ తక్కువ. ఎప్పుడు పొంగేదీ ఎప్పుడు తగ్గేదీ లిఖితపూర్వకంగా తెలియజేసిన పాపాన పోలేదు. ఈ లోటు తీర్చడానికే పెద్దలు సముద్ర సమాచార నాణ్యతా విభాగాన్ని నెలకొల్పారు. (విభాగం మూడో అంతస్తులో ఉంది. కిటికీలోంచి సముద్రం కనిపించి ఏకాగ్రత చెడుతోందని బీరువా అడ్డం పెట్టారు.)

ఆ విభాగంతో పగడాల డాక్టరమ్మకు పని పడింది. విరిగిన పగడపు కొమ్మల్ని లోతు తక్కువ నీళ్ళలో ఇనుప చట్రాలకు కట్టి, ఏళ్ళ తరబడి సాకి, ఒక తోట చేసిన మనిషి ఆవిడ. ఇంట్లో కుండీల్లో మొక్కలు ఎండిపోయేవి గానీ ("మనింట్లో బతకాలంటే ఉప్పునీళ్ళలో ఉండాలా అమ్మా?" అని కూతురి ఎత్తిపొడుపు) ఆ తోట మాత్రం కళకళలాడేది.

ఆ వేసవిలో తోట దగ్గరి థర్మామీటరు ముప్పై రెండు డిగ్రీలు చూపించింది. అదే వేడి ఇంకొన్ని వారాలు సాగితే పగడాలు తెల్లబడి చస్తాయి. పైన నీడవలలు పరిస్తే చాలామటుకు బతుకుతాయి. వలలు గోదాములో ఉన్నాయి. గోదాము తెరవాలంటే వేడి హెచ్చరిక వెలువడాలి. అది వెలువడాలంటే ఆ ముప్పై రెండును నాణ్యతా విభాగం ఆమోదించాలి. విభాగం కంప్యూటరేమో ముప్పై దాటిన ప్రతి అంకెనూ 'పరికర దోషం' అని కొట్టేస్తోంది. ఈ సముద్రం ముప్పై దాటదని ఎప్పుడో తీర్మానం చేశారు మరి. (తీర్మానం నకలు సముద్రానికి పంపినట్టు ఆధారాల్లేవు.)

డాక్టరమ్మ వలల కోసం వలవలా ఏడ్చే రకం కాదు. నేరుగా మూడో అంతస్తు ఎక్కింది.

"మీ థర్మామీటరుకి జ్వరమొచ్చినట్టుందమ్మా," అన్నాడు నాణ్యతాధికారి, ఎంతో నాణ్యంగా నవ్వి.

"కొత్తది పెట్టామండీ. అదీ అంతే చూపిస్తోంది."

"అయితే రెండూ పాడయ్యాయన్నమాట."

"పోనీ మీరే ఒకసారి వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి చూడండి."

"నా చేతికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ లేదు కదమ్మా."

"ఆ ముప్పై హద్దును మార్చేదెలా మరి?"

"అదెంత పని. ముప్పై దాటి, మేం ఆమోదించిన అంకెలు ఒక సీజన్‌కి సరిపడా పట్రండి. కమిటీ వెంటనే కూర్చుంటుంది."

"ముప్పై దాటితే మీరు ఆమోదించరు కదా?"

"అందుకేనమ్మా, కమిటీకి ఇంతవరకు కూర్చునే అవసరం రాలేదు," అన్నాడాయన గర్వంగా.

మర్నాడు ఆవిడ సముద్రాన్నే ఆఫీసుకి తెచ్చింది, బకెట్లో. పడవ సరంగు మోసుకొచ్చాడు. ఇద్దర్నీ ఏసీ గదిలో కూర్చోబెట్టారు. అధికారి మీటింగులో ఉన్నాడు. ఆ మీటింగు అయ్యాక దాని మీద ఇంకో మీటింగులో ఉన్నాడు.

"డాక్టరమ్మా, ఈయనొచ్చేలోపు నీళ్ళు చల్లారిపోతాయేమో," అన్నాడు సరంగు, బకెట్లో వేలు ముంచి.

చల్లారిపోయాయి. సర్టిఫికెట్ ఉన్న థర్మామీటరు ముంచితే ఇరవై ఆరు వచ్చింది. "చూశారా, అసలు సముద్రమంటే ఇదీ," అని అధికారి మురిసిపోయి ఆమోదముద్ర కొట్టాడు. ఫిర్యాదు పరిష్కారమైందని డాక్టరమ్మ ఫోన్‌కి సందేశం వచ్చింది. సేవలకు ఎన్ని నక్షత్రాలిస్తారని అడుగుతూ ఇంకొకటి వచ్చింది.

"పగడాల్ని కూడా తెచ్చి ఆ ఏసీ గదిలోనే పెట్టాల్సింది," అన్నాడు సరంగు మెట్లు దిగుతూ.

నెల తిరిగేసరికి తోట తెల్లబడింది. ఆపైన నాచు పట్టింది. ఆవిడ నీళ్ళలోంచి పైకొచ్చి, ముఖానికున్న డైవింగ్ అద్దం తియ్యకుండా చాలాసేపు పడవ అంచున కూర్చుంది. సరంగు ఇంజను స్టార్ట్ చేయలేదు.

వానలు మొదలై నీళ్ళు చల్లబడ్డాక, ముప్పైలోపు అంకెలన్నీ చకచకా ఆమోదం పొందాయి. సముద్రం దారికొచ్చినందుకు విభాగం హర్షం వెలిబుచ్చింది. ఇక తొందరేమీ లేదు కాబట్టి, నీడవలల దరఖాస్తు కూడా మామూలు దారిలో కదిలి మంజూరైంది.

"చచ్చినవాటికి నీడెందుకండీ?" అంది డాక్టరమ్మ ఫోన్లో.

"మంజూరైనవి వాడకపోతే ఆడిట్‌లో నాకు ఎండ తగులుతుందమ్మా. పరిచెయ్యండి."

పరిచారు. విభాగమే నివేదిక తయారుచేసి సంతకానికి పంపింది. అబద్ధం ఎక్కడైనా దొరికితే కొట్టేద్దామని డాక్టరమ్మ దాన్ని పెన్ను పట్టుకుని రెండుసార్లు చదివింది. నీడ పరిచిన తర్వాత ఒక్క పగడం కూడా చనిపోలేదని ఉంది. నిజమే కాబట్టి సంతకం పెట్టింది.