గుండు కూర్చునే లోతు

విశ్వకర్మ పూజనాడు ఢిల్లీశ్వరరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి పూజ, ఎనిమిదింటికి కలకత్తా గార్డెన్ రీచ్‌లో బస్సు, పదింటికి కూతురు రోజా ఎయిర్ పిస్టల్ పోటీ. అందులో మొదటి ముగ్గురిలో ఉంటే రాష్ట్ర జట్టులో చోటు. వయసు లెక్కన జూనియర్లలో ఆమెకిదే ఆఖరి అవకాశం.

ఓడల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి కొట్టు సరుకుని నమ్ముతాడా? పిస్టల్లో వేసే సీసపు గుండ్లు తను చేసిన అచ్చులో ఇంట్లోనే పోసేవాడు. గుండు మంచిదైతే చాలదట, గొట్టంలో ప్రతిసారీ ఒకే లోతున కూర్చోవాలట. వెంట్రుకవాసి తేడా వచ్చినా గురి గంగలో కలిసినట్టేనట. అందుకని గుండుని లోపలికి నెట్టడానికి ఇత్తడి పుల్ల ఒకటి చేసి, దానికో బిళ్ళ బిగించాడు. బిళ్ళ గొట్టానికి తగలగానే పుల్ల ఆగిపోతుంది. ఆ బిళ్ళ ఎక్కడుండాలో తేల్చడానికి ఏడాది పట్టింది. ప్రాక్టీసుకి తండ్రుల్ని లోపలికి రానివ్వరు కనుక, షూటింగ్ క్లబ్బు బయట టీ కొట్టు దగ్గర కూర్చుని, రోజా చెప్పే మార్కుల్ని బట్టి బిళ్ళని జరిపేవాడు. మూడు నెలలుగా మార్కులు అద్భుతంగా ఉన్నాయి. బిళ్ళ కుదిరిందని వీధి వీధంతా చెప్పుకున్నాడు.

పూజనాడు ఇంట్లో ఏ పనిముట్టూ పసుపు లేకుండా ఉండకూడదని ఆయన భార్య దుర్గాదేవి పట్టు. శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న భక్తికి కలకత్తా రేవు భక్తి తోడైంది మరి. రెంచికి, కత్తెరకి, మిక్సీకి, చివరికి ఫోను ఛార్జరుకి కూడా బొట్టు పెట్టింది. ఆయన గడ్డం గీసుకుంటుండగా ఇత్తడి పుల్ల ఆమె కంటపడింది. దానికి మాత్రం అన్యాయం చెయ్యడం దేనికని బిళ్ళ అడుగున చిక్కగా పసుపు మెత్తి, ఆరాక డబ్బాలో పెట్టేసింది.

పోటీనాడు మాత్రం ఇంటి మనిషి ఒకరు పక్కన నిలబడవచ్చు. ఢిల్లీశ్వరరావు గుండు అందించాడు, పుల్ల అందించాడు. అసలు పోటీకి ముందు కాల్చుకునే పరీక్ష గుండు కాగితం అంచుకి తగిలింది. ఆయన నిర్ఘాంతపోయాడు. సీసంలో మట్టి ఉందనుకుని వేరే గుండు ఇచ్చాడు. అది కాగితానికి కూడా తగల్లేదు. బస్సు కుదుపులకి బిళ్ళ జారిందని తేల్చుకుని, మర వదులు చేసి దాన్ని వెనక్కి జరిపాడు. మూడోది గొట్టంలో ఇరుక్కుపోయింది. బెంగాలీ జడ్జి జయంత్ దా దాన్ని ఓపిగ్గా పొడిచి తీసి, పోటీకి ఇంకా ఎనిమిది నిమిషాలే ఉన్నాయని చెప్పాడు.

అప్పుడు చూశాడు ఢిల్లీశ్వరరావు, బిళ్ళ అడుగున పచ్చగా పెచ్చు కట్టిన పసుపుని. బయటికి పరిగెత్తి ఇంటికి ఫోను చేశాడు.

"ఏటే, పుల్లకేటి రాసినావు?"

"పసుపండి. అన్నిటికీ రాసి దానికొక్కదానికీ రాయకపోతే ఊరుకుంటాదేటి?"

పసుపు గోటితో గీకేశాడు. కానీ బిళ్ళని అప్పటికే జరిపేశాడుగా! ఏడాది శ్రమని రెండు నిమిషాల్లో తన చేత్తో తనే తుడిచేసుకున్నాడు. ఆ సంగతి కూతురికి చెబుతుంటే ఆయనకి నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి.

రోజా సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసింది. కొట్టులో అమ్మే గుండ్లు. పుల్ల పక్కన పెట్టేసి, ఒక్కొక్క గుండునీ బొటనవేలితో నొక్కి కాల్చింది. అన్నీ దాదాపు నడిమికే. మూడో స్థానం వచ్చింది, జట్టులో పేరు ఖాయమైంది.

ఢిల్లీశ్వరరావు నోరు తెరుచుకుని ఆ డబ్బానే చూస్తున్నాడు. సగం ఖాళీగా ఉందది.

"మూడు నెల్ల నుంచి ఇవే కాలుస్తన్నాను నాన్నా," అంది రోజా మెల్లిగా. "నీ గుండ్లతో ఒక్కపాలీ కుదర్నేదు. చెప్తే నువ్వేటయిపోతావోనని చెప్పనేదు."

అంటే మూడు నెలలుగా ఆయన బిళ్ళని వెంట్రుకవాసి, వెంట్రుకవాసి జరిపిందంతా కొట్టు గుండ్ల మార్కుల్ని చూసి! పిడుగు పడ్డట్టయింది. కూతురు గెలిచిన ఆనందం ఒకవైపు, ఈ దెబ్బ ఒకవైపు. దేనికి ముందు ఏడవాలో తెలియలేదు. తిరుగు బస్సు వాట్‌గంజ్ స్టాపు దాటుతుండగా ఇక ఉండబట్టలేక, మరి వాటిని ఎంత లోతుకి నొక్కుతున్నావని అడిగాడు.

"నాకేటి తెల్సు? ఏలు దూరినంత."

మర్నాడు పొద్దున్నే ఆయన కూతురి బొటనవేలిని స్క్రూగేజితో కొలిచాడు.