గంగాళానికి ప్రారంభోత్సవం

ఎనభై ఆరు వరదల్లో శిబిరాల జనానికి అంటువ్యాధులు రాకుండా చూడ్డానికి డాక్టరు కామేశ్వరరావు గారిని సలహాదారుగా నియమించేరు. సోమ, గురువారాల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రమే. మిగతా రోజుల్లో వ్యాధులు తమంతట తామే సంయమనం పాటించగలవని అమలాపురం ఆపన్నబాంధవ సేవాసమితి ఆశించింది.

కామేశ్వరరావు గారు సర్కారు ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా అయిపోయినా ఆయన్ని సలహా అడిగినవాడు లేడు. అందుకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మామిడికుదురు దగ్గర కొబ్బరి గోదాములో పెట్టిన శిబిరానికి సంబరంగా వెళ్ళేరు. లంకల్లోంచి పడవల మీద తెచ్చిన జనం కొబ్బరి పీచు డొక్కల గుట్టల పక్కన పడుకునున్నారు. సగం మందికి విరేచనాలు. నర్సు రాహేలు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి తిరుగుతూ, మధ్యలో చేతులు చీర చెంగుకి తుడుచుకుంటోంది.

"ప్రతి రోగి దగ్గరికీ చేతులు కడుక్కుని వెళ్ళాలమ్మా," అని ఆయన తొలి సలహా ఇచ్చేరు.

"ఆయ్. సబ్బేదండీ?" అంది రాహేలు.

సమితి అధ్యక్షులు, కొబ్బరి వర్తకులు జగన్మోహనరావు గారు ఈ సలహాని ఎంతో గౌరవించేరు. గురువారానికల్లా కుళాయి బిగించిన ఇత్తడి గంగాళం, దానితోపాటు సబ్బులు వచ్చేసేయి. గంగాళం నిండా దాతల పేర్లు చెక్కించేరు. చుట్టూ ఎర్ర రిబ్బను కట్టేరు. మంత్రిగారు వచ్చి ప్రారంభించేదాకా ఎవరూ ముట్టుకోకుండా వీరబాబు అనేవాణ్ణి కాపలా పెట్టేరు. రోగులకి మంచినీళ్ళందించే మనిషి దొరకలేదు గానీ, గంగాళానికి దొరికేడు.

మంత్రిగారికి వీలుపడలేదు. ఈలోగా బావుల్లో వెయ్యమన్న బ్లీచింగు పౌడరుని ఆయన కారొచ్చే దారికి రెండువైపులా గీతలు పోసేరు. వానకి కొట్టుకుపోతే మళ్ళీ పోసేరు. ఆ రోడ్డుకి కలరా ప్రమాదం పూర్తిగా తప్పింది.

తర్వాతి సోమవారం అచ్చమ్మ అనే ముసలావిడ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కనిపించింది. పిల్ల కళ్ళు లోతుకుపోయేయి.

"కాల్లో మేకు దిగిందని తెచ్చేనండి. కడుపు బానే ఉండేది. ఇక్కడికొచ్చేకే ఇలాగయ్యింది," అంది. ఆ గొంతులో నిష్ఠూరమైనా లేదు.

కామేశ్వరరావు గారు తన చేతులకేసి చూసుకున్నారు. తిన్నగా గంగాళం దగ్గరికి నడిచేరు.

"వద్దండి. మంత్రిగారింకా రాలేదండి," అన్నాడు వీరబాబు.

"ఆయనొచ్చేదాకా ఈ పిల్ల ఆగదు నాయనా."

రిబ్బను లాగేసి, సబ్బు విప్పి, మోచేతుల దాకా కడుక్కున్నారు. తర్వాత రాహేలు కడుక్కుంది. ఆ తర్వాత అచ్చమ్మ. చివరికి అటూ ఇటూ చూసి వీరబాబూ కడుక్కున్నాడు.

కబురు తెలిసి జగన్మోహనరావు గారు స్వయంగా వచ్చేరు. ఆయన కోప్పడలేదు, నొచ్చుకున్నారంతే. "తమర్ని సలహా ఇమ్మన్నాం గానీ, అమలు చెయ్యమన్నామా అండీ?" అని, శాలువా కప్పి ఉద్యోగంలోంచి తప్పించేరు.

పిల్ల బతికింది. ఆ సంగతి సమితి నివేదికలో లేదు. మంత్రిగారు రాకముందే బతికిందిగా మరి.

వరద తీసి, జనం ఇళ్ళకి వెళ్ళిపోయి, శిబిరం ఖాళీ అయ్యేక మంత్రిగారొచ్చేరు. కొత్త రిబ్బను కత్తిరించి, "పరిశుభ్రతే మా ప్రభుత్వ ఊపిరి," అన్నారు. మనమంతా చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టేం. పులిహోర పొట్లాలు పంచేరు. వెనక వరసలోంచి కామేశ్వరరావు గారు లేచి, ఒక్కరే గంగాళం వైపు వెళ్ళేరు. పెద్దాయనకి చాదస్తం ఎక్కువైందని పక్కవాళ్ళతో అనుకుంటూ, మనం పొట్లాలు విప్పేం.