కుర్చీలు ఈడ్చరాదు

ఆ ఉదయం ఆమె వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఆఫీసుకు చేరడం, పదింటి కౌన్సిల్ సమావేశానికి అజెండా ప్రతులు తీయించడం, సభలో నోరు మెదపకుండా మూల కూర్చుని మినిట్స్ రాసుకోవడం, సాయంత్రం సెక్రటరీగారి ముఖం కాస్త ప్రసన్నంగా ఉంటే తన పర్మినెంట్ కాగితం మీద సంతకం అడగడం. నాలుగేళ్లుగా ఆమె నగరపాలక సంస్థ ఆఫీసులో తాత్కాలిక గుమాస్తా. ఆ కాగితం మూడు వారాలుగా సెక్రటరీగారి బల్ల మీద పేపర్‌వెయిట్ కింద పడి ఉంది. నెలాఖరులోగా సంతకం పడకపోతే ఉద్యోగం పోతుంది.

ప్రణాళికలో లేనిదల్లా నిద్ర. సరిగ్గా అయిదింటికి పైఅంతస్తులో బావగారు లేచారు, రోజూలాగే. లేచి తన టేకు కుర్చీని పడకగదిలోంచి వరండా దాకా ఈడ్చారు, అదీ రోజూలాగే. ఆ చప్పుడు కింద పడుకున్న ఆమె తల మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తీరిగ్గా నడిచి వెళ్లింది.

"మీ అన్నయ్యకి ఒక్క మాట చెప్పండి. కాస్త ఎత్తి పెట్టుకోమనండి," అంది భర్తతో.

భర్త కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ఎదుటివాళ్లకి ఏం కనబడటం లేదో ఇట్టే చెప్పేస్తాడు, తన దాకా వస్తే మాత్రం ముసుగు తన్నుతాడు. "అన్నయ్యకి నేనెలా చెప్తాను? హెడ్‌మాస్టరుగా చేసిన మనిషి," అన్నాడు ముసుగులోంచి.

"అయితే నేను చెప్పనా?"

"నువ్వా? బావగారికా?" అని, ఆ ఊహకే ఒళ్లు జలదరించి, అటు తిరిగి పడుకున్నాడు.

పెళ్లయి పదకొండేళ్లయింది. పదకొండేళ్లుగా ఆమె అయిదింటికి ఉలిక్కిపడి లేస్తూనే ఉంది, బావగారికి చెప్పలేకపోతూనే ఉంది. ఒకసారి తోడికోడలి చెవిన వేసి చూసింది. "ఆయన కుర్చీ జరిపితేగానీ నాకూ తెల్లారినట్టుండదమ్మా," అందావిడ ముచ్చటపడుతూ. ఆ దారీ అలా మూసుకుపోయింది.

సెక్రటరీగారికి అజెండాలో ఖాళీ జాగా కనబడితే పడదు. అందుకని ఏ విభాగమైనా తమ అంశం ఆలస్యంగా పంపితే, ఆ చోట ఆమె తోచిన నాలుగు ముక్కలు టైపు చేసి, పేజీ సరిపోయిందో లేదో చూసుకుని, అసలు అంశం రాగానే దాన్ని తీసేసేది. ఆ రోజు పద్నాలుగో అంశం పార్కు కంచె. ఇంజనీర్లు ఇంకా పంపలేదు. కళ్లు మూతలు పడుతుండగా ఆమె వేళ్లు వాటంతట అవే ఇలా టైపు చేశాయి: "పైఅంతస్తులలో నివసించువారు ఉదయం ఏడు గంటల లోపు కుర్చీలు ఈడ్చరాదు. ఈడ్చినచో సదరు కుర్చీలను నగరపాలక సంస్థ స్వాధీనపరచుకొనును."

చదువుకుంటే ప్రాణం కాస్త తేలికపడింది. అందులో 'సదరు' ఆమెకి మరీ నచ్చింది. పావుగంట తర్వాత ఇంజనీర్ల దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "కంచె సంగతి వచ్చే నెల చూద్దాంలెండి." సరేనంది. అసలు అంశం వచ్చి ఉంటే దాని కోసం ఇది తీసేసేది. అసలుది రాలేదు కాబట్టి ఇది అక్కడే ఉండిపోయింది, ఇరవై నాలుగు ప్రతుల్లోనూ.

ఆ కౌన్సిల్లో ఒక ఆనవాయితీ ఉంది. మేయర్‌గారు అంశం చదవరు, దాని అంకె చదువుతారు. సభ్యులు బల్ల చరుస్తారు. అంశం ఆమోదం పొందుతుంది. పదకొండున్నరకి టీ వస్తుంది గనక ఆ లోపల అంకెలన్నీ అయిపోవాలి.

"పన్నెండు?" బల్లలు మోగాయి. "పదమూడు?" మళ్లీ మోగాయి. మూల కూర్చున్న ఆమె మినిట్స్ కోసం పేజీ తిప్పింది, పద్నాలుగు చూసింది. సగం లేచి నిలబడింది. సెక్రటరీగారు కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూశారు. కూర్చుంది.

"పద్నాలుగు?" బల్లలు మోగాయి.

ఎవరూ చదవలేదు, బతికిపోయాననుకుంది. అప్పుడే చివరి వరుసలో ఒక చెయ్యి లేచింది. ఏ అంశానికైనా లేచే చెయ్యి అది. ఆఫీసంతా ఆయన్ని అభ్యంతరంగారనే పిలుస్తుంది. సమావేశానికి ఒక్క అంశమైనా మొదటి వాక్యం వరకూ చదవాలన్నది ఆయన నియమం. ఆ రోజు ఆ గౌరవం పద్నాలుగుకి దక్కింది.

"నాకు అభ్యంతరం ఉంది మేయర్‌గారూ. కుర్చీలు సరే. స్టూళ్ల మాటేమిటి?"

మేయర్‌గారు గడియారం వైపు చూశారు. టీ గుమ్మం దాకా వచ్చేసింది. "స్టూళ్లు కూడా చేర్చండి," అన్నారు. బల్లలు ఇంకాస్త గట్టిగా మోగాయి.

ఒకసారి ఆమోదించిన తీర్మానాన్ని మూడు నెలల దాకా కదపడానికి వీల్లేదు. అయినా చెప్పేద్దామని సాయంత్రం సెక్రటరీగారి గదిలోకి వెళ్లింది. ఆయన పేపర్‌వెయిట్ అటూ ఇటూ తిప్పుతూ, "ఏమ్మా, ఏమైనా చెప్పాలా?" అన్నారు. "ఏం లేదండీ," అంది ఆమె. ఆమోదించి మూలపడేసిన తీర్మానాలు ఆ ఆఫీసులో వందలున్నాయి, ఇదీ వాటిలో కలిసిపోతుందని సర్దిచెప్పుకుంది.

కలిసిపోయేదే. కానీ పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టరు కొత్తగా ఉద్యోగంలో చేరాడు. అతనికింకా ఉత్సాహం తగ్గలేదు. వారం తిరిగేసరికి ఆఫీసు వెనక పెరట్లో నూటపన్నెండు కుర్చీలూ ముప్ఫై ఒక్క స్టూళ్లూ పేరుకున్నాయి, సైకిళ్లు పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. మరోవైపు కింది అంతస్తులవాళ్ల దగ్గర్నుంచి మేయర్‌గారికి కట్టలు కట్టలుగా కృతజ్ఞతలు వస్తున్నాయి. ఇన్నాళ్లకి తమ గోడు విన్నవాళ్లున్నారని ఒక పెద్దావిడ నాలుగు పేజీలు రాసింది.

ఇన్‌స్పెక్టరు తమ వీధికి వచ్చిన రోజు ఆమె మంచంలోనే ఉంది. అయిదింటికి పైన చప్పుడు, ఆ వెంటనే మెట్ల మీద బూట్లు, తలుపు మీద దబదబలు. దుప్పటి నెత్తి మీదకి లాక్కుంది.

"చట్టం చట్టమే నాయనా. నేను పిల్లలకి చెప్పిందీ అదే," అంటున్నారు బావగారు. "నువ్వు మొయ్యనక్కర్లేదు, నేనే దించుతాను. రసీదు మాత్రం ఇయ్యి."

పదకొండేళ్లలో మొదటిసారి ఆ కుర్చీ చప్పుడు లేకుండా కదిలింది. ఆయన దాన్ని ఎత్తి, భుజాన పెట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగడం ఆమె కిటికీ సందులోంచి చూసింది. రిటైరైన రోజు బడివాళ్లిచ్చిన కుర్చీ అది. ఆమెకి ఏడుపొచ్చింది.

ఆ తర్వాత నుంచి అయిదింటికి పైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికే ఆమెకి మెలకువ వచ్చేసేది. పైన ఆయన చీకట్లో కూర్చుని పళ్లు నూరుతున్నట్టే అనిపించేది.

మూడో రోజు ఆఫీసులో ఆమె బల్ల మీదకి ఒక దరఖాస్తు వచ్చింది. ముత్యాల్లాంటి హెడ్‌మాస్టరు దస్తూరి. "పద్నాలుగో అంశమును ప్రతిపాదించినవారి పేరు తెలుపగోరుచున్నాను. వారిని నేను స్వయముగా కలువవలసి యున్నది." ఏడు రోజుల్లో జవాబివ్వాలన్నది నిబంధన. నెలాఖరు ఎనిమిదో రోజు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర బావగారు ఎదురయ్యారు. "అమ్మాయ్, మీ ఆఫీసులో ఒక దరఖాస్తు ఇచ్చాను. ఎవరి దగ్గరుందో ఏమైనా తెలుసా?"

"కనుక్కుంటాను బావగారూ," అంది. అది ఆమె చేతిసంచిలోనే ఉంది.

ఆరో రోజు ఇక దాచలేక ఆమె దరఖాస్తు తీసి ఇచ్చేసరికి సెక్రటరీగారు ఫైళ్లన్నీ ముందేసుకున్నారు. "పదమూడు ఆరోగ్య విభాగంవాళ్లది. పదిహేను వీధి దీపాలవాళ్లది. మధ్యలో ఈ పద్నాలుగు ఎవరిచ్చారు?"

"చూసి చెప్తానండీ."

"జవాబుకి గడువు రేపే, అందుకే రేపు ప్రత్యేక సమావేశం. పేరు సభలో చదివి వినిపించాలి. పేరు దొరక్కపోతే అజెండా తయారుచేసినవాళ్లదే పూచీ," అని ఆయన పేపర్‌వెయిట్ మీద చెయ్యి వేశారు.

ఇంటికొచ్చి భర్తకి సంగతంతా చెప్పింది. "ఇంజనీర్లమీదకి తోసెయ్యరాదూ?" అన్నాడు అతను.

"వాళ్లలో ఎవరి ఉద్యోగమో పోతుంది. నేనే చెప్పేస్తాను."

"మరి అన్నయ్యకి?"

ఆమె లేచి దీపం ఆర్పేసింది.

మర్నాడు సభ కిటకిటలాడింది. ప్రజలు కూర్చునే వరుసల్లో అన్నిటికంటే ముందు, ఇస్త్రీ చొక్కాతో, నిటారుగా బావగారు. మేయర్‌గారు దరఖాస్తు చదివి, "ఎవరండీ ప్రతిపాదించింది?" అని అడిగారు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె లేచి నిలబడింది. ఈసారి సెక్రటరీగారు చూసినా కూర్చోలేదు.

"ఎవరూ ప్రతిపాదించలేదండీ. ఖాళీ నింపడానికి నేనే టైపు చేశాను. తీసేయడం మర్చిపోయాను." మొదటి వరుస వైపు చూడకుండా మిగతాది కూడా చెప్పేసింది. "పదకొండేళ్లుగా మా పైనుంచి రోజూ చప్పుడు వస్తోంది. ఆయనంటే నాకు గౌరవం. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, ఆ కోపం ఇక్కడ వెళ్లగక్కాను. తప్పు నాది."

అది టైపు చేసింది గుమాస్తా అయితే, ఆమోదించింది ఎవరన్న ప్రశ్న సభలో ఒక్కొక్క తలలోకీ మెల్లగా దిగింది. అందరికంటే ముందు తేరుకున్నది మేయర్‌గారు.

"అమ్మాయి భయపడి ఏదో అంటోంది," అని చల్లగా నవ్వారు. "టైపు చేసింది తనే, కాదనను. చెప్పి చేయించింది నేను."

"మీరెప్పుడు చెప్పారండీ?" ఒక సభ్యుడు ఒంటికాలి మీద లేచాడు. "మూడేళ్లుగా మా వార్డులో కింది అంతస్తులవాళ్ల కోసం తిరుగుతున్నది నేను."

"కుర్చీలు ఎవరివైనా కానివ్వండి," అన్నారు అభ్యంతరంగారు. "స్టూళ్లు నావి. రికార్డులో ఉంది."

గంటసేపు వాదన జరిగింది. చివరికి పద్నాలుగో అంశానికి పదకొండుమంది ప్రతిపాదకులు తేలారు. ఆమె పేరు అందులో లేదు. మరో రెండుసార్లు "నేనేనండీ" అనబోతే, సభ్యుల కష్టాన్ని తన ఖాతాలో వేసుకోవద్దని మేయర్‌గారు మందలించారు. అన్నేసి కుర్చీలు పట్టుకోవడం ఇన్‌స్పెక్టరు ఒక్కడి వల్ల కాదు గనక ప్రత్యేక విభాగం పెట్టాలని కూడా తీర్మానించారు. బల్లలు మోగాయి.

బయట మెట్ల మీద బావగారు ఆమె కోసం ఆగి ఉన్నారు. ఆయన ముఖంలోకి చూడలేక తల దించుకుంది.

"పదకొండేళ్లా?" అన్నారాయన.

"అవునండీ."

"నాకు చెప్తే సరిపోయేది కదమ్మా," అన్నారు. కోపం లేదు. ఆ కోపమే ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

నెలాఖరున సెక్రటరీగారు ఆమెను పిలిచారు. పేపర్‌వెయిట్ పక్కకి జరిపి, సంతకం చేసిన కాగితం చేతికిచ్చారు. "పర్మినెంట్ చేశాం. కుర్చీలు, స్టూళ్ల పర్యవేక్షణ విభాగానికి అధికారిణివి. ఆ అంశం చివరిదాకా చదివినవాళ్లు ఈ ఆఫీసులో నువ్వొక్కదానివే."

ఆమె కళ్లు చెమర్చాయి. చేతులెత్తి దండం పెట్టి, గుమ్మం దాటాక కాగితం కింది భాగం చదివింది. పని వేళలు ఉదయం అయిదు నుంచి ఏడు వరకు, వీధుల్లో.

మూడో రోజు నాలుగూ ముప్పావుకి ఆమె టార్చీ పట్టుకుని బయల్దేరి గేటు వేస్తుంటే పై కిటికీ తెరుచుకుంది. బావగారి జుట్టు చెదిరి ఉంది, చెంప మీద దిండు ముడతలున్నాయి.

"అమ్మాయ్, మనసులో పెట్టుకోవడమెందుకని చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకు. కుర్చీ పోయిన దగ్గర్నుంచి, లేచి వరండాలో కూర్చునే పని లేక, హాయిగా ఏడింటిదాకా నిద్రపడుతోంది. అదెవరి చలవో కనుక్కుని దండం పెడదామనే ఆ దరఖాస్తు ఇచ్చాను. ఇప్పుడు మూడు రోజులుగా నీ గేటు చప్పుడుకి లేచి కూర్చుంటున్నానమ్మా."

గేట్ల గురించి తీర్మానంలో ఒక్క ముక్క లేకపోయినా, ఆమె ఆ గేటును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మరీ వేసింది.