బోధన్ బండికి వచ్చిన కంప్యూటర్

ఆ రోజు పొద్దున అబ్దుల్ రహీం అనుకున్న పనులు చాలా చిన్నవి. ఆఫీసు తాళం తీయాలి, చాయ్ తాగాలి, మధ్యాహ్నానికల్లా కాగితాలు ముగించుకుని కందకుర్తిలో ఉన్న చెల్లెలు ఆబిదాను చూసి రావాలి. బోధన్ చెరకు రైతుల సంఘానికి ఆయన కార్యదర్శి. మెత్తని మనిషి. ఎవరు గట్టిగా మాట్లాడినా ముందు ఆయనే క్షమాపణ చెప్పేవాడు.

అది అరవై ఏడో సంవత్సరం, దసరా వెళ్ళిన వారం. ఈసారి పొలాల్లో చెరకు ఎంత ఉందో తేల్చి చెబితే దాన్నిబట్టి క్రషింగ్, అంటే చెరకు ఆడించడం, ఎప్పుడు మొదలుపెట్టాలో చూస్తామని ఫ్యాక్టరీ వాళ్ళు అడిగారు. ఆలస్యమైతే కోతకొచ్చిన చెరకు నిలువునా ఎండి బరువు తగ్గిపోతుంది. తొందరపడితే లేత చెరకులో తీపి ఉండదు. ఎంత ఉందని రైతులను అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెప్పారు. చివరికి సంఘం హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థకు రాసింది.

లెక్కలు తప్ప మరో వ్యాపకం లేని కొందరు కలిసి పెట్టుకున్న సంస్థ అది. సర్కారు కింద లేదు, ఏ కంపెనీ కిందా లేదు. వానలు, పంటలు, రోగాలు, దేన్నైనా కొంచెం కొలిచి మొత్తం ఎంతో చెప్పడం వారి పని. తాము చెప్పిన దాంట్లో ఎంత తేడా ఉండవచ్చో కూడా వాళ్ళే చెప్పేవారు. ఆ రెండో మాట చెప్పేవాళ్ళను రహీం అంతకుముందు ఎక్కడా చూడలేదు. అందుకే ఆ సంస్థంటే ఆయనకు మహా గౌరవం.

చాయ్ సగంలో ఉండగా ట్రంక్ కాల్ వచ్చింది. సంస్థలో పెద్ద అధికారి సుమిత్రమ్మ.

"రహీం గారూ, మా కంప్యూటర్ రేపు పొద్దున బండికి వస్తుంది."

రహీం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "కంప్యూటరా! మా బోధన్‌కా, మేడం?"

"అవునండీ. పనంతా అక్కడే కూర్చుని చేస్తుంది. గాలీ వెలుతురూ ఉన్న గది చూడండి. ఎండకు అస్సలు ఆగదు."

"సల్లగ ఉంచాలంటరు."

"అంతే. ఇంకో మాట, నూనె పడదు..." లైనులో గరగరమని చప్పుడు. "...రాత్రిపూట ఒంటరిగా ఉంచకండి, ఎవరినైనా తోడు పెట్టండి. మా సంస్థ మొత్తంలో ఇంత చురుగ్గా లెక్క చేసేది లేదు. జాగ్రత్తగా పంపిస్తున్నాను, జాగ్రత్తగా తిప్పి పంపండి."

లైను తెగిపోయింది. రహీం అటు కందకుర్తినీ ఇటు చాయ్‌నీ మరిచిపోయి, సంఘం అధ్యక్షుడు ముత్తన్న పటేల్ ఇంటికి పరుగెత్తాడు.

ముత్తన్న పసుపు, చెరకు పండించే పెద్ద రైతు. ఏ పనైనా పదిమంది చూసేట్టు చేయడం ఆయనకు ఇష్టం.

"కంప్యూటర్ అంటే ఎంతుంటది సాబ్?" అన్నాడు.

"పేపర్ల సదివిన పటేలా. పట్నంల ఒకటి ఉన్నదట. ఓ పెద్ద కమరంత ఉంటదట."

"మరి మన ఆఫీసు తలుపుల కెల్లి పడ్తదా?"

రహీం చేతులు చాపి తలుపును గుర్తు చేసుకున్నాడు. ఆయన ఒక్కడే గొడుగు ముడిచి పట్టుకుంటే తప్ప పట్టని తలుపు అది.

"పట్టది."

"గట్లయితే గోడ కొట్టిద్దాం," అన్నాడు ముత్తన్న, చుట్ట ముట్టించుకున్నంత తేలిగ్గా.

మేస్త్రి రాజనర్సు వచ్చి గోడను తట్టి చూశాడు. "నిజాం కాలం గోడ పటేలా, మళ్ళ గిట్ల కట్టుడు నాతోని గాదు," అన్నాడు. అయినా పొద్దుగూకే లోపల తలుపు, చౌకట్టు, పక్కన కిటికీ దాకా గోడ నేలకూలాయి. చల్లదనం కోసం నిజామాబాదు నుంచి మంచు దిమ్మలు ఊకలో పొదిగి తెప్పించారు. రాత్రి కాపలాకు ఇద్దరు కర్రల మనుషులను మాట్లాడారు. దగ్గరలో ఎక్కడా నూనె చుక్క ఉండకూడదని రహీం దీపాలు కూడా బయట పెట్టించాడు. బరువు మోయడానికి హమాలీలు, రెండు ఎడ్లబండ్లను కలిపి కట్టిన వాహనం, దాని మీద గడ్డి పరుపు సిద్ధమయ్యాయి. ఇంత చేశాక బాజాలు లేకపోతే బాగుండదని ముత్తన్నకు తోచింది. బాజాలూ మాట్లాడారు.

కూలుతున్న గోడ చుట్టూ చేరినవాళ్ళు ఊరికే ఉంటారా? హైదరాబాదు మిషన్ వచ్చి చెరకు లెక్క తీస్తుందట అన్న మాట హోటల్ దాకా పోయింది. అక్కడి నుంచి పల్లెలకు పోయేసరికి, ఎవరి చెరకు ముందు కొట్టాలో ఎవరిది ఎండబెట్టాలో మిషనే చెబుతుందట అయింది. చిన్న రైతుల తరఫున ఎప్పుడూ కొట్లాడే ఎర్రన్న చెవిన పడేటప్పటికి, అది చెరకును చూపుతోనే ఎండబెడుతుందట అన్న చోట నిలిచింది. ఎర్రన్న చివరి ముక్క నమ్మలేదు. మొదటి రెండూ నమ్మాడు.

"ఏడాది దాక నీళ్ళు కట్టినోళ్ళం మనం. మన చెరకు సంగతి ఇనుప డబ్బా చెప్తదా?" అన్నాడు. "దాన్ని బండిల నుంచి దిగనియ్యద్దు. వచ్చిన బండికే తిప్పి పంపాలె."

మర్నాడు పొద్దున స్టేషనులో ఒక పక్క బాజాలు, హమాలీలు, దండ పట్టుకున్న ముత్తన్న. ఇంకో పక్క ఎర్రన్న, వెనక చెరకు గడలు పట్టుకున్న రైతులు. మధ్యలో రహీం ఇద్దరికీ సలాం చేస్తూ నిలబడ్డాడు.

బండి ఆగింది. అందరూ లగేజీ డబ్బా వైపు ఉరికారు. లోపల నిజంగానే ఒక పెద్ద చెక్కపెట్టె ఉంది. "గిదే, గిదే!" అని ముత్తన్న అరిచాడు. ఎర్రన్న మనుషులు అడ్డం పడ్డారు. హమాలీలు కూలి మాట్లాడుకుని వచ్చినవాళ్ళు. ఎవరు అడ్డం ఉన్నారన్నది వాళ్ళు పట్టించుకోలేదు. తోపులాటలో పెట్టె ఒకసారి ఎర్రన్న కాలి మీదికి జారబోయింది. దాన్ని ఆపడానికి ఎర్రన్నే భుజం ఇవ్వాల్సి వచ్చింది. అలా, తిప్పి పంపుతానన్నవాడే సగం దూరం మోసి గడ్డి పరుపు మీద పెట్టాడు. ముత్తన్న పెట్టెకు దండ వేశాడు. బాజాలు మోగాయి.

అదే సమయానికి ఆడవాళ్ళ డబ్బాలోంచి ఒక అమ్మాయి దిగింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో బరువైన ఇనుప పెట్టె. తనకోసం ఎవరో వస్తారని మేడం చెప్పింది. ప్లాట్‌ఫారం మీద ఆమె వైపు చూసినవాళ్ళే లేరు. కాసేపు చూసి, ఊరేగింపు వెనక నడిచింది. పక్కన నడుస్తున్న ముసలామెను అడిగింది.

"అవ్వా, చెరకు రైతుల సంఘం ఆఫీస్ ఎక్కడ?"

"గా బాజాలెంబడి పోవుడే బిడ్డా," అంది ఆమె. పేరు లింగవ్వ, కాలువ చివర కాసింత చెరకు వేసుకున్న మనిషి. "పట్నం నుంచి కంప్యూటర్ వచ్చింది. గా పెట్టెల ఉన్నది."

అమ్మాయి ఆగిపోయింది. "పెట్టెలనా? అవ్వా, కంప్యూటర్‌ని నేనే!"

లింగవ్వ ఆమెను కిందినుంచి పైదాకా చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఎండ దెబ్బ తల్గినట్టుంది బిడ్డా. జర నీడకు నడువు," అంది ప్రేమగా.

ఆ అమ్మాయి పేరు హుస్నా. ఆ రోజుల్లో గణాంకాల ఆఫీసుల్లో లెక్కలు కట్టే ఉద్యోగం పేరే కంప్యూటర్. మిషన్లు రాకముందే మనుషులకు ఉన్న పేరు అది. సుమిత్రమ్మ హుస్నాను సొంత కూతురిలా చూసేది, అందుకే ఫోనులో గౌరవ వాచకం వాడలేదు. మన భాషలో ఆడపిల్ల వచ్చినా, మిషన్ వచ్చినా "వస్తుంది" అనే అంటాం కదా. తప్పు ఎవరిదీ కాదు. గోడ మాత్రం కూలింది.

ఆఫీసు ముందు పెట్టెను దించి మంచు దిమ్మల మధ్య పెట్టారు. మంచు కరిగి నీళ్ళు రహీం బూట్లలోకి చేరుతున్నాయి. ముత్తన్న స్వయంగా గడ్డపారతో మూత లేపాడు. జనం మెడలు చాచారు. లోపల రెండు గుండ్రని రాళ్ళు.

ఎర్రన్న వంగి చూశాడు. "పటేలా, గిది గిర్ని రాయి. జొన్నలు పట్టిస్తరు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆఫీసు ముందంతా నవ్వే. ముత్తన్న మొహం ఎర్రబడింది. అంతలో తన సామాను కోసం స్టేషనుకు వచ్చిన నవీపేట పిండి గిర్ని రామ్‌దాస్, అతని వెనక రైల్వే పోలీసు వచ్చారు.

"నా గిర్నిని బాజాలు పెట్టి మరీ ఎత్కపోయిండ్రు!" అని రామ్‌దాస్ అరిచాడు. "దండ గూడ ఏసిండ్రు సూడుండ్రి!"

పోలీసు పుస్తకం తీశాడు. రహీం అలవాటుగా అందరికీ క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాడు, పోలీసుకు రెండుసార్లు చెప్పాడు. అప్పుడు హుస్నా గుంపును తోసుకుని ముందుకు వచ్చింది.

"చాచా, నేను హుస్నా. సుమిత్రమ్మ మేడం పంపింది. కంప్యూటర్ అంటే మిషన్ కాదు, నా ఉద్యోగం."

రహీం ఆమెను చూశాడు, కూలిన గోడను చూశాడు. "నూనె పడదన్నది..."

"నాకే చాచా. కడుపు మండుతది."

"యా అల్లా," అని రహీం మంచు దిమ్మ మీదే కూర్చుండిపోయాడు.

ముత్తన్న తన సొంత ఖర్చుతో రాళ్ళను నవీపేట చేర్పిస్తానని చెప్పి రామ్‌దాస్‌ను చల్లార్చాడు. పోలీసుకు చాయ్ తాగించి పంపారు. ఇక మిగిలింది ఎర్రన్న. మిషన్‌తో ఎలా కొట్లాడాలో ఆయనకు తెలియలేదు గానీ, మనిషైతే అడగవచ్చు.

"బిడ్డా, నువ్వు మా పొలాలన్ని తిరుగుతవా?"

"అన్నీ తిరగను అన్నా. కొన్నిట్ల చిన్న ముక్క కొలిచి, గంతే కోసి, తూచి చూస్త. జ్వరమొస్తే మలేరియా దవాఖానోళ్ళు ఏం చేస్తరు? ఏలు నుంచి బొట్టు నెత్తురే తీస్తరు కదా."

"మరి మంచి చెరకు ఉన్న కాడనే తీస్తేనో? పటేల్ పొలంలనే తీస్తేనో?"

హుస్నా సంచిలోంచి ఒక లావు పుస్తకం తీసింది. అందులో వరుస వరుసలుగా అంకెలు తప్ప ఏమీ లేవు. "గందుకే ఇది. ఏ పొలం అనేది నేను చెప్పను, పటేల్ చెప్పడు. మీరే ఓ పేజీ తీయుండ్రి. ఆడ ఏ అంకె ఉంటే ఆ నంబరు పొలానికే పోతం."

ఎర్రన్న కళ్ళు మూసుకుని పేజీ తీశాడు. మొదటి అంకెకు తగిలింది కాలువ చివర లింగవ్వ పొలమే. అందరూ వద్దన్నారు, ఆ చెరకు వేలి మందం కూడా లేదు. లింగవ్వే ముందుగా వద్దంది. "అది గూడ బోధన్ చెరకే కదా అవ్వా," అని హుస్నా టేపు పట్టుకుని నడిచింది. మరో అంకెకు ముత్తన్న పొలం వచ్చింది. ముత్తన్న పొలం నడుమ మనిషెత్తును మించి ఉన్న చోటు చూపించాడు. పుస్తకం గట్టు పక్క మూలను చూపించింది. ముత్తన్న చాలాసేపు పుస్తకాన్నే చూశాడు, దాని చుట్టరికం ఎవరితోనో కనుక్కోవాలన్నట్టు.

హుస్నా రోజూ రహీం గొడుగు వేసుకుని పొలాలు తిరిగి తూచేది, సాయంత్రం రహీం ఇంట్లో కూర్చుని లెక్క చేసేది. ఇనుప పెట్టెలో ఉన్నది పిడి తిప్పే లెక్కల మిషన్. ఆమె అంకెలు పెట్టి గిరగిర తిప్పితే టకటకమని చప్పుడయ్యేది, చివర గంట మోగేది. రహీం భార్య అక్తరున్నీసా నూనె లేకుండా పప్పు వండడం నేర్చుకుంది. ఎర్రన్న తన మనుషులతో అరుగు మీద కూర్చుని ఆ గంట కోసం ఎదురుచూసేవాడు. ఎవరైనా బయట గట్టిగా మాట్లాడితే "లెక్క నడుస్తున్నది, జర ఊకోండ్రి!" అని కసిరేవాడు.

లెక్క తేలిన రోజు ఫ్యాక్టరీ వాళ్ళు కూడా వచ్చారు. కూలిన గోడ వల్ల అందరికీ చోటు సరిపోయింది. చెరకు మొత్తం ఎంతుందో హుస్నా చెప్పింది. అక్కడున్న ఎవరి అంచనా కన్నా అది ఎక్కువ. తర్వాత, దానికి అటూ ఇటూ ఎంత తేడా ఉండవచ్చో కూడా చెప్పింది.

"తప్పు ఎంతుంటదో గూడ నువ్వే చెప్తవా బిడ్డా?" అన్నాడు ఎర్రన్న ఆశ్చర్యంగా.

"చెప్పాలె అన్నా. మా మేడం ముందుగాల అదే అడుగుతది."

అంత చెరకుంటే ఆగితే కుదరదని ఫ్యాక్టరీ వాళ్ళు క్రషింగ్ ముందుకు జరిపారు. ఆ యేడు ఎవరి చెరకూ పొలంలో ఎండలేదు. సీజను ముగిశాక తూచిన మొత్తం సరిగ్గా హుస్నా చెప్పిన హద్దుల మధ్యనే ఉంది. రహీం ఆ సంగతి సుమిత్రమ్మకు ఫోను చేసి మురిపెంగా చెప్పాడు. ఆమె మాత్రం, "హద్దులు ఇంకొంచెం దగ్గరగా రావాల్సింది," అని బాధపడింది.

మరుసటి యేడు సంఘం ఎన్నికల్లో ఎర్రన్న ముత్తన్న మీద నిలబడ్డాడు. పల్లె పల్లె తిరిగి ఒకటే మాట చెప్పాడు: బోధన్‌కు కంప్యూటర్‌ను తెచ్చింది తానేనని. ఆ మాట విని రహీం ఒక్కడే నవ్వాడు. ఓటు మాత్రం ఎర్రన్నకే వేశాడు.