రెండు వందల డెబ్బై అయిదు మిల్లీలీటర్ల నీళ్లు

శుక్రవారం పొద్దున నార్మన్ ప్లాట్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదిన్నరకు థార్న్‌క్లఫ్ ఊరి హాలుకు చేరుకోవడం. అక్కడి మైక్రోవేవ్ విప్పి, శుభ్రం చేసి, పరీక్షించడం. రెండు కెటిళ్లు, ఒక టోస్టరు చూసి, పరీక్షలో నెగ్గినట్టు పచ్చ స్టిక్కర్లు అంటించడం. పదకొండున్నరకల్లా ఇల్లు చేరడం. శుక్రవారం కాబట్టి సాయంత్రానికి చేప, చిప్స్.

నార్మన్ ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసిన ఎలక్ట్రికల్ దుకాణం మూతపడి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలలూ అతను ఇంట్లోనే ఉన్నాడు. ఎంతగా ఉన్నాడో అతని భార్య షీలాకే తెలుసు. ఆమె ఇస్త్రీపెట్టెకు, జుట్టు ఆరబెట్టుకునే మిషనుకు, మంచం పక్క దీపానికి పచ్చ స్టిక్కర్లు పడ్డాయి. పాలు ఫ్రిజ్ తలుపులో పెడితే లోపలి అరలో కన్నా రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటాయని థర్మామీటరు పెట్టి మరీ నిరూపించాడు. గిన్నెలు బోర్లించే వరస మార్చాడు. షీలా వరస మళ్లీ మార్చుకుంది. అతను మళ్లీ మార్చాడు.

"హాళ్ల సంఘం అధ్యక్షురాలు ఎవరో ఆవిడ, నీ పని నచ్చితే లోయలో ఉన్న పన్నెండు హాళ్ల పనీ నీకే ఇస్తుందన్నావుగా?" అని అడిగింది షీలా, అతని కోటు గుండీలు తనే పెడుతూ.

"నచ్చితే."

"నచ్చేట్టు చెయ్యి. నా కోసం చెయ్యి, నార్మన్. ఆవిడ ఏమన్నా తల ఊపు. మిల్లీవాట్ల సంగతి మాత్రం ఎత్తకు. నువ్వు మిల్లీవాట్లు మొదలుపెడితే జనం కిటికీల వైపు చూస్తారు."

నార్మన్ బుద్ధిగా తల ఊపి బయల్దేరాడు. జున్ను, ఊరగాయ పెట్టి ఆమె కట్టిన శాండ్‌విచ్‌ల డబ్బా వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

హాలు వంటగదిలో డోరీన్ అనే పెద్దావిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. శుక్రవారం శుక్రవారం ఊళ్లోని నలభై మంది వృద్ధులకు అక్కడే మధ్యాహ్న భోజనం. కస్టర్డ్ మొత్తం ఆ మైక్రోవేవ్‌లోనే వేడెక్కాలి.

"పన్నెండున్నరకు నాకది కావాలి నాయనా," అంది డోరీన్.

"పదకొండుకే ఇచ్చేస్తానండీ."

నార్మన్ పనిలో తొందర ఉండదు. ముందు చేతి గడియారం, తర్వాత పెళ్లి ఉంగరం తీసి ఒక సాసరులో పెట్టాడు. లోహం ఒంటి మీద ఉండగా మైక్రోవేవ్ విప్పకూడదు. ప్లగ్గు తీసి తన జేబులోంచి కనబడేట్టు వేలాడదీసుకున్నాడు. 'ముట్టుకోవద్దు' అని రాసిన అట్ట పక్కన నిలబెట్టాడు. అట్టను డోరీన్ చదివింది. బయటివాళ్ల కోసం పెట్టిందని సరిగ్గానే అర్థం చేసుకుంది.

ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో మనిషిని చంపేంత కరెంటు దాగి ఉంటుంది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేత్తో మాత్రమే దాన్ని ఖాళీ చేశాడు. రెండు చేతులూ పెడితే, పొరపాటు జరిగినప్పుడు కరెంటు గుండె మీదుగా పోతుంది. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, తల వంచుకుని, కదలకుండా చాలాసేపు నిలబడిన ఆ మనిషిని డోరీన్ బంగాళాదుంపల మీదుగా చూసింది. తర్వాత సాసరులోని ఉంగరాన్ని చూసింది. కత్తి వేగం తగ్గింది.

దుమ్ము తుడిచి, తలుపు స్విచ్చులు మూడూ చూసి, పై మూత బిగించాక అసలు పరీక్ష మొదలైంది. కొలత జగ్గులో రెండు వందల డెబ్బై అయిదు మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి లోపల పెట్టాడు. ఆ నీళ్లు వేడెక్కుతుండగా తలుపు చుట్టూ మీటరు తిప్పి, కిరణాలు బయటికి ఏమైనా కారుతున్నాయా అని చూడాలి. నీళ్లు లేకుండా పరీక్ష లేదు.

"ఆ నీళ్లు ఎందుకు నాయనా?" అని అడిగింది డోరీన్.

నార్మన్ నోరు తెరిచాడు. మిల్లీవాట్లు నాలుక చివర దాకా వచ్చాయి. షీలా మాట గుర్తొచ్చింది.

"ఊరికే... వేడి చేసుకుందామనండీ," అని మీటరు తేవడానికి వ్యాను దగ్గరికి వెళ్లాడు.

డోరీన్ కత్తి కింద పెట్టేసింది. ఆమెకు డెబ్బై మూడేళ్లు. కెటిల్ రెండడుగుల దూరంలో ఉండగా టీ నీళ్లు మైక్రోవేవ్‌లో కాచుకునే మనిషిని ఇంతకుముందు ఒక్కణ్ణే చూసింది. అది ఆమె మరిది, పెళ్లాం వదిలేసిన ఏడాది. ఉంగరం తీసేసిన వేలు, దిగులుగా నిలబడ్డ తీరు, ఇప్పుడు ఈ నీళ్లు. ఇంకా అడగాల్సిందేముంది? అయినా ఆ ఊళ్లో అలాంటివి అడగరు. ఆమె ఆ నీళ్లు పారబోసి, జగ్గు కడిగి బోర్లించింది. కనీసం ఆ పాపపు టీ అయినా తాగకుండా ఆపాలనుకుంది.

నార్మన్ తిరిగొచ్చి బోర్లించిన జగ్గును చూశాడు. తనే మరిచిపోయి ఉంటానని సర్దిచెప్పుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్నడూ మరవలేదు. మళ్లీ రెండు వందల డెబ్బై అయిదు కొలిచాడు. లోపల పెట్టేసరికి వెనక నుంచి ఎవరో కుర్చీ తెచ్చి వేశారు.

"కూర్చోండి ప్లాట్ గారూ. తొందరేం లేదు." ఆవిడే అధ్యక్షురాలు మ్యూరియల్ ఎంట్విజిల్; డోరీన్ సంగతంతా అప్పటికే ఆమె చెవిన వేసింది. శవపేటిక వెనక నడిచేటప్పుడు వాడే గొంతుతో అంది ఆ మాట. చేతిలో కేకు ముక్క. పొద్దున పదింటికి కేకు!

ఎవరో తన మీద ఫిర్యాదు చేశారని నార్మన్‌కు ఖాయమైపోయింది. మర్యాదస్తులు మనిషిని తీసేసే ముందే కేకు పెడతారు. అతను కూర్చున్నాడు. తల ఊపాడు. చేతికొచ్చిన కేకు తిన్నాడు. లేచి చూసేసరికి మైక్రోవేవ్‌లో జగ్గు లేదు.

"నీళ్లు... ఇక్కడ నీళ్లు పెట్టానండీ."

"అలాగా?" అంది డోరీన్, అతని ముఖం వైపు చూడకుండా.

నార్మన్ మూడోసారి కొలిచాడు. ఈసారి రెండు వందల డెబ్బై ఎనిమిది వచ్చాయి. మూడు మిల్లీలీటర్లు చెంచాతో తీసేశాడు. అది చూసి కిటికీ దగ్గర ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"టీ నీళ్లు కూడా చెంచాతో కొలుచుకుంటున్నాడమ్మా," అని గుసగుసలాడింది డోరీన్.

"నువ్వు చూసుకో. నేను బయటికి తీసుకెళ్తాను," అంది మ్యూరియల్.

పియానో కాలు ఊగుతోందని చెప్పి మ్యూరియల్ అతని మోచెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపించింది. పియానోకు కరెంటు లేదని నార్మన్ అందామనుకున్నాడు. తల ఊపాడు.

అతను వెళ్లగానే డోరీన్ బీరువా పై అర తెరిచింది. అందులో బంగారు అంచు కప్పులు ఉన్నాయి. బిషప్పు వచ్చినప్పుడు తప్ప దించని సెట్టు అది. దుఃఖంలో ఉన్న మనిషికి మంచి కప్పు ఇవ్వడం ఆమెకు తెలిసిన మర్యాద. కెటిల్లో నీళ్లు మరిగించి, టీ పాత్రలో ఆకు నాలుగు నిమిషాలు నాననిచ్చి, పాలు పోసి టీ కలిపింది. జగ్గు తీసేసి, అతను నీళ్లు పెట్టుకున్న చోటే మైక్రోవేవ్‌లో ఆ కప్పు పెట్టింది. తన నీళ్లకు బదులు అసలైన టీ చూసుకుని అతనే అర్థం చేసుకుంటాడు. కప్పు పక్కన, సాసరు మీద, అతని ఉంగరం కూడా పెట్టింది. ఇంకోసారి ఆలోచించుకోమని. తలుపు మెల్లగా మూసింది.

నార్మన్ తిరిగొచ్చాడు. మూసిన తలుపు మూసినట్టే ఉంది. ఇంకెవరైనా కేకు తెచ్చేలోగా ముగించాలని ప్లగ్గు పెట్టి, ఒక చేత్తో మీటరు పట్టుకుని మీట నొక్కాడు.

లోపల నీలం మెరుపులు. కప్పు అంచు చుట్టూ దీపావళి. ఉంగరం మీంచి ఒక రవ్వ లేచి పైకప్పును తాకింది. నార్మన్ రెండు సెకన్లలో ప్లగ్గు లాగేశాడు. తలుపు తెరిస్తే పొగ, దాని వెనక పాల టీ, నల్లబడ్డ బంగారు అంచు, తన పెళ్లి ఉంగరం.

ఇక అయిపోయింది. పన్నెండు హాళ్లూ అతని కళ్ల ముందే ఒక్కొక్కటిగా దీపాలార్పుకున్నాయి. ఎనిమిది నెలలు ఎనభై నెలలవుతాయి. గిన్నెల వరస గురించి జీవితాంతం పోరాటం. పొగకు కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"డోరీన్, తలుపు వెయ్యి," అంది మ్యూరియల్ చేతిరుమాలు తీస్తూ. "ఏడవండి ప్లాట్ గారూ. మేమేం అనుకోం."

"కప్పు నేను... లోపల నీళ్లే ఉన్నాయనుకుని..."

"కప్పుదేముంది! ఆ బిషప్పు తాగేది కాఫీ."

"ఉంగరం నేనెందుకు తీశానంటే..."

"వద్దు. మాకు వివరాలు వద్దు. మేం అడగం."

"అడగండి! దయచేసి అడగండి!"

"చూశావా, ఎంత పరువుగా భరిస్తున్నాడో," అంది డోరీన్, కళ్లొత్తుకుంటూ.

మ్యూరియల్ సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. "మగవాడికి ఇలాంటప్పుడు ఒక వ్యాపకం కావాలి. పన్నెండు హాళ్ల పనీ మీకే రాస్తున్నాను. ఏడాదికి రెండు సార్లు. ఇంట్లో ఒంటరిగా కూర్చోకండి."

"నేను ఒంటరిగా లేనండీ!"

"లేరు," అంది మ్యూరియల్ గట్టిగా. "మేమున్నాం." సంతకం పెట్టేసింది.

నార్మన్‌కు తల తిరిగింది. నచ్చింది అతని పని కాదని తెలుస్తూనే ఉంది. మరేం నచ్చిందో తెలియడం లేదు. చెయ్యగలిగింది ఒక్కటే కాబట్టి, ప్లగ్గు మళ్లీ జేబులోంచి వేలాడదీసుకుని మైక్రోవేవ్‌ను మొదటి నుంచి విప్పాడు. లోపలి మసి తుడిచి, స్విచ్చులు మళ్లీ చూసి, పై మూత బిగించేటప్పటికి పదకొండున్నర దాటింది. అప్పుడే షీలా శాండ్‌విచ్‌ల డబ్బాతో లోపలికి వచ్చింది.

"నార్మన్, నీ తిండి మరిచిపోయి వచ్చావు."

వంటగది చల్లబడింది. డోరీన్ చెక్కుతీసే కత్తి పట్టుకుని ఒక అడుగు ముందుకు వచ్చింది.

"ప్లాట్ గారి భార్య మీరేనా?" అంది మ్యూరియల్. "ఇంత జరిగాక శాండ్‌విచ్‌లు తేవడానికి మీకు మనసెలా ఒప్పింది? ఆయన మైక్రోవేవ్‌లో టీ నీళ్లు కాచుకునే స్థితికి వచ్చాడు. మీరు వదిలేస్తే ఇలా అయ్యాడనే కదా, పన్నెండు హాళ్లూ ఆయనకిచ్చాం. లేకపోతే రేపటి నుంచి పొద్దస్తమానం ఇంట్లో ఏం చేస్తాడు పాపం?"

"షీలా, వీళ్లకు చెప్పు..." అన్నాడు నార్మన్.

షీలా భర్త బోడి వేలిని చూసింది. నల్లబడ్డ కప్పును చూసింది. బల్ల మీది సంతకాన్ని చూసింది. పన్నెండు హాళ్లు, ఏడాదికి రెండు సార్లు. అతను ఇంట్లో ఉండని రోజుల లెక్క ఆమెకు వెంటనే వచ్చింది.

"నిజమే," అంది. "వదిలేశాను. మంచి మనిషి. మీరే చూసుకోండి." చెయ్యి చాచింది. "నేను పెట్టిన ఉంగరం."

డోరీన్ ఆ ఉంగరాన్ని కాగితపు రుమాల్లో చుట్టి, కత్తిపీట అందించినట్టు అందించింది. షీలా శాండ్‌విచ్‌ల డబ్బా కూడా వెనక్కి తీసుకుంది. వదిలేసినావిడ శాండ్‌విచ్‌లు ఇచ్చి వెళ్తే బాగుండదు.

నార్మన్ ఆమె వెనకే కార్ల దగ్గరికి పరుగెత్తాడు. "అబద్ధం చెప్పావు! ముప్ఫై నాలుగేళ్ల కాపురాన్ని..."

"నెమ్మది. కిటికీలోంచి చూస్తున్నారు. కాస్త దిగులుగా నిలబడు."

"దిగులుగానే ఉన్నాను!"

"బాగా ఉంది. అలాగే ఉండు." ఆమె కారు తలుపు తీసింది. "చేప తెస్తాను. వ్యాను చర్చి దగ్గర ఆపి నడిచి రా. పెరటి తలుపు గడియ తీసి ఉంచుతాను."

"పన్నెండు హాళ్ల వాళ్లూ నువ్వు వదిలేశావనే నమ్మితే? ఇక మనిద్దరం ఎక్కడికైనా కలిసి వెళ్లేదెలా?"

"మనిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లి ఎన్నాళ్లయింది, నార్మన్?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఒక క్షణం ఆగింది. తర్వాత కారు వెళ్లిపోయింది.

అతను లోపలికి వచ్చి నాలుగోసారి రెండు వందల డెబ్బై అయిదు కొలిచాడు. ఈసారి ఎవరూ ముట్టుకోలేదు. కాస్త దూరంగా నిలబడి, టీ అతనిష్టమని వదిలేశారు. మీటరును తలుపు చుట్టూ, అయిదు సెంటీమీటర్ల దూరంలో, అంగుళం అంగుళం తిప్పాడు. అయిదు మిల్లీవాట్లు దాటకూడని చోట సున్నా పాయింటు రెండు. ఇంత శుభ్రమైన అంకె అతను ఏళ్ల తరబడి చూడలేదు. ఒక్కసారి తల తిప్పి, ఆ అంకె చూపించడానికి ఎవరైనా ఉన్నారా అని వెతికాడు. డోరీన్ కస్టర్డ్ గరిటెతో కలుపుతోంది. పచ్చ స్టిక్కరు అంటించి, పరీక్ష కాగితం నింపి సంతకం పెట్టి ఆమెకిచ్చాడు.

"అక్కడ పెట్టు నాయనా," అంది ఆమె. వేడి గిన్నె దించడానికి అడుగున ఏదో ఒకటి కావాలి కదా.

పన్నెండున్నరకు వృద్ధులు వచ్చారు. ఒంటిగంటకల్లా నలభై మందీ నార్మన్ భుజం తట్టారు. మైక్రోవేవ్‌లోంచి ఏమీ బయటికి రావడం లేదని అతను రాసి సంతకం పెట్టిన కాగితం మాత్రం కస్టర్డ్ గిన్నె కింద అలాగే ఉంది.