బోర్లించి చూసే జబ్బు

పింగాణీ కార్ఖానాలకు పేరుపడ్డ స్టోక్ ఊళ్ళో పుట్టినవాడికి కంచం కనబడితే కొంచెం కూడా ఆగబుద్ధి కాదు. బోర్లించి అడుగున ఏ కార్ఖానా ముద్ర ఉందో చూడాల్సిందే. పెళ్ళి విందైనా సరే, చావింట్లో టీ కప్పయినా సరే.

హెడ్లీకి ఈ జబ్బు బాగా ముదిరింది. ఎప్పుడో మూతబడిన కార్ఖానాలో తయారైన 'నీలి పిచ్చుక' బొమ్మ పింగాణీ ఎక్కడ కనబడినా కొనేవాడు. భార్య మార్జరీ వాడే ఎర్ర గోళ్ళరంగుతో, తనదన్న గుర్తుగా అడుగున చుక్క పెట్టి, పెట్టెలో సర్ది అటకెక్కించేవాడు. పెట్టెలు పన్నెండయ్యేసరికి మార్జరీ ఓర్పు కూడా అటకెక్కింది.

"ఇంకొక్క కొత్త కంచం ఈ గడప దాటిందంటే మొత్తం చర్చి సంతకిచ్చేస్తా," అంది, బంగాళాదుంపలు చెక్కుతూ. మార్జరీ అరవదు. అరిచే మనిషైతే హెడ్లీ అంత భయపడేవాడు కాదు.

ఎనిమిది నెలలు ఉగ్గబట్టుకున్నాడు. అంతలో ఇంటర్నెట్లో ఎవరో పేరు చెప్పకుండా నీలి పిచ్చుక బొమ్మున్న, మాంసం వడ్డించే పెద్ద పళ్ళెం అమ్మకానికి పెట్టారు. అలాంటిది అటక మీద ఒకటే ఉంది. పాపం, జోడు లేదు. ఈమధ్య మోకాలు చెడి నిచ్చెన ఎక్కలేడు గనక హెడ్లీ వెళ్ళి దాన్ని ఓదార్చనూ లేడు.

కొంటే తప్పు గానీ కానుకగా వస్తే తప్పేముంది? పళ్ళేన్ని పక్కింటి ఎడ్నా చిరునామాకు తెప్పించాడు. మార్జరీ పుట్టినరోజుకు సొంత కానుకలా ఇమ్మని ఎడ్నాని బతిమాలాడు. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. అప్పుడే అనుమానించాల్సింది.

పుట్టినరోజు ఆదివారం పడింది. ఎడ్నా పళ్ళెంతో వచ్చింది. దాని నిండా వేయించిన గొర్రె మాంసం, అంచుల దాకా వేడి గ్రేవీ.

హెడ్లీ కళ్ళు పళ్ళెం మీదే ఉన్నాయి. అడుగు చూడనే లేదు. నకిలీదైతే? మెడ వంచాడు, బల్ల మీద గడ్డం ఆనించాడు, చెంచా కింద పడేసి ఏరుకున్నాడు. లాభం లేకపోయింది.

"నేను వడ్డిస్తా," అన్నాడు, పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి.

పళ్ళెం ఎత్తాడు. కొద్దిగా వంచాడు. ఇంకొద్దిగా వంచాడు. మాంసం బల్ల మీదికి, గ్రేవీ అతని ఆదివారపు ప్యాంటు మీదికి దిగాయి. చురుక్కుమన్నా పట్టించుకోలేదు. ముద్ర అసలుదే.

ముద్ర పక్కన ఎర్ర చుక్క.

"ఏముంది వెనకాల?" అంది మార్జరీ.

"ఏమీ లేదు." ఇది నాదే అనాలంటే, కొన్నది నేనే అని కూడా అనాలి.

మార్జరీ గుడ్డ తెచ్చి అతని ఒడిలో పడేసింది. "నేను అమ్మకానికి పెట్టాక కొన్నవాళ్ళ చిరునామా చూస్తే పక్కిల్లు. పోస్టు దండగని గోడమీంచే ఎడ్నాకి అందించా. బెంగపడకు, కొత్తదేదీ గడప దాటలేదు. చర్చికేమీ ఇవ్వను."

ఎడ్నా కిటికీ వైపు తిరిగి దగ్గింది.

"ఒక పెట్టె దించేశా, పైన ఇంకా పదకొండున్నాయి," అంది మార్జరీ. "ఏవి కొంటావో ముందే చెప్పు. అవే దించి అమ్ముతా."

హెడ్లీ ప్యాంటు మీది గ్రేవీ తుడుచుకున్నాడు.

"సూపు గిన్నె," అన్నాడు.