పరీక్ష ఉండగా పాఠం ఎందుకు?

బళ్ళలో పాఠాలు చెప్పడం తక్షణం ఆపించాలని నేను మనవి చేసుకుంటున్నాను. పరీక్షలు ఉండగా పాఠాలెందుకండీ? బంగారం లాంటి సమయం దండగ!

నవ్వకండి. నలభై ఏళ్ళు టైర్ల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసినవాణ్ణి. టైరు తయారు చేసేవాడు చెమటోడుస్తాడు, తనిఖీ చేసేవాడు తప్పు పట్టుకుంటాడు. గౌరవం ఎవరికి ఎక్కువో చెప్పాలా? ఈ రహస్యం మా రాష్ట్ర ప్రభుత్వానికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు.

మా ఊరు కాల్డర్ క్రీక్‌లో ఒక సర్కారు బడి ఉంది. పరీక్ష ఏప్రిల్‌లో. ఆగస్టులో బడి తెరిచిన రోజు నుంచే దానికి సాధన. సాధన పరీక్ష, ఆ సాధన పరీక్షకు సన్నాహ పరీక్ష, ఈ రెండింటిలో ఎవరు వెనకబడ్డారో తేల్చడానికి మరో పరీక్ష. మంచు ఎక్కువ పడి బడి మూసేసిన రోజుల్లో మాత్రం పిల్లలు ఇంట్లో కూర్చుని కథల పుస్తకాలు చదువుకుంటారు. ఏం చేస్తారు పాపం, పని లేక!

పరీక్ష వారంలో చూడాలి మా బడి కళ. గోడలన్నీ గోధుమరంగు కాగితంతో కప్పేస్తారు. ఎక్కాల పట్టిక, దేశపటం, అక్షరాల వరస, ఏదీ పిల్లల కంట పడకూడదు. 'తోటివారితో దయగా ఉండండి' అని రాసిన అట్టను కూడా కప్పేశారు. అందులోనూ అక్షరాలున్నాయి కదా మరి! చూసి నేర్చుకోండర్రా అని ఏడాది పొడుగునా అతికించినవన్నీ, నేర్చుకున్నారో లేదో చూసే వేళకు మాయం.

ముందు రోజు వ్యాయామశాలలో ఉత్సాహ సభ. బ్యాండు మేళం, కేకలు, తలా ఒక పిప్పరమెంటు బిళ్ళ. పిప్పరమెంటు చప్పరిస్తే మెదడు చురుగ్గా పనిచేస్తుందట. మార్కులు పెరిగితే పందిపిల్లను ముద్దుపెట్టుకుంటానని హెడ్మాస్టరు అందరి ముందూ ప్రమాణం చేశాడు. నిరుడూ చేశాడు, అంతకు ముందూ చేశాడు. ఆ పందికి ఇప్పటిదాకా ముద్దు ముచ్చట తీరలేదు.

భయంతో ఎవరైనా పరీక్ష పుస్తకం మీదే వాంతి చేసుకుంటే? దానికీ నిబంధన ఉంది. పారెయ్యకూడదు. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, మిగతా పుస్తకాలతో పాటు రాజధానికి పంపాలి. ఇంత జవాబుదారీతనం మరే శాఖలోనైనా చూశారా?

ఇక రోడ్డుకు అవతల చార్టర్ బడి. డబ్బు సర్కారుది, నడిపేది ఒక కంపెనీ. ఫీజు లేదు గానీ సీటు లాటరీలో తగలాలి. మూతపడ్డ సూపర్ మార్కెట్ భవనంలో పెట్టారు. దాని నెత్తిన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బ్యానరు, 'మా గ్రేడు ఏ' అని. పరీక్ష మార్కుల సగటు చూసి రాష్ట్రం ఏటా ప్రతి బడికీ ఇచ్చే గ్రేడు అది. మా సర్కారు బడికేమో వరసగా రెండేళ్ళు డీ. మూడో ఏడూ డీ వస్తే బడి మూసేసి, భవనాన్ని గ్రేడు ఉన్నవాళ్ళకు అప్పగిస్తామని జిల్లా బోర్డు తీర్మానం చేసింది. న్యాయమే కదా! జబ్బు మనిషి కింద ఉన్న మంచం లాగి ఆరోగ్యవంతుడికి వేస్తే ఊళ్ళో ఆరోగ్యం పెరగదూ?

అవతలి వాళ్ళకు ఆ ఏ ఎలా వస్తోందో నాకు మనవరాలి పుణ్యాన తెలిసింది. పేరు డెల్ఫీన్, డెల్లీ అంటాం. ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. నిరుడు లాటరీలో సీటు తగిలితే నా కూతురు నేడీన్ వీధంతా కేకు పంచింది. డెల్లీ బాగానే చదువుతుంది గానీ, నిదానం. కథలో కుక్క తప్పిపోయిందనుకోండి, ఆ రాత్రి దానికి తిండి ఎవరు పెట్టారో తేలేదాకా పేజీ తిప్పదు.

ఫిబ్రవరి ఆఖర్లో అక్కడి డైరెక్టరమ్మ నేడీన్‌ను పిలిపించింది. కాఫీ ఇచ్చి, మీ పాపకు మా బడి నప్పలేదేమోనని ఎంతో బాధపడింది. తీసెయ్యలేదు సుమండీ! మా ఇష్టంతోనే మాన్పిస్తున్నామని సంతకం మాత్రం పెట్టించుకుంది. పరీక్ష ఆరు వారాలుందనగా అలా పదకొండు మంది పిల్లలు రోడ్డు దాటి మా బడికి వచ్చారు. నలభై ఏళ్ళ తనిఖీలో నాకు తట్టని ఉపాయం ఇది. లోపమున్న టైరును పక్క ఫ్యాక్టరీ గిడ్డంగిలోకి దొర్లించేస్తే మన సరుకంతా మేలిరకమే!

ఆ పదకొండు మందిలో మూడో తరగతి వాళ్ళు ఆరుగురు. ఆరుగురినీ మిసెస్ ప్రూయిట్ చేర్చుకుంది. ముప్ఫై ఏళ్ళుగా మూడో తరగతి టీచరు. కుర్చీలు చాలకపోతే లైబ్రరీలోవి తానే మోసుకొచ్చి వేసింది. కాలంతో పాటు ఎదగని మనిషి. పిల్లల్ని ఏరుకోవడం ఆవిడకు ఇప్పటికీ చేతకాదు.

పరీక్ష రోజున నేను నడవాలో కాపలా, జీతం లేకుండా. దానికి రెండు గంటల శిక్షణ, ప్రమాణపత్రం మీద సంతకం, మెళ్ళో బ్యాడ్జి. పరీక్ష వేళ ఏ పిల్లతోనూ మాట్లాడకూడదు. తల ఊపకూడదు. నవ్వడం కూడా సూచన కిందికే వస్తుందన్నారు. ముఖం ఎలా పెట్టాలో అద్దం ముందు సాధన చేసి మరీ వెళ్ళాను.

పదింటికి డెల్లీ బాత్‌రూముకని బయటికొచ్చింది. అటు వెళ్ళకుండా నా కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"తాతా, నేను దీంట్లో తప్పితే వీళ్ళు కూడా నన్ను పంపించేస్తారా?"

నేను ప్రమాణం చేసినవాణ్ణి. గోడకేసి చూశాను. కాగితం తప్ప ఏమీ లేదు. పిల్ల కదలదు. గడ్డం వణుకుతోంది.

"పంపరమ్మా. ఈ బడి ఎవర్నీ పంపదు. పోయి నిదానంగా రాసుకో."

మాట్లాడాను, తల ఊపాను, నవ్వాను కూడా. మూడు నేరాలూ ఒక్క నిమిషంలో చేసేశాను!

తరగతి తలుపు దగ్గర మిసెస్ ప్రూయిట్ నిలబడి ఉంది. అంతా వింది. విన్నది రాయకపోతే ఆవిడ ఉద్యోగానికే ఎసరు. మధ్యాహ్నం ఒక ఫారం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏమీ అనుకోకండి వెర్లిన్ గారూ. రాయక తప్పదు."

'విద్యార్థి అడిగిన ప్రశ్నకు పెద్దలెవరైనా జవాబు చెప్పారా?' అని ఉంది అందులో. అవునని టిక్కు పెట్టింది. బడిలో పిల్ల ప్రశ్న అడగడమేమిటి, పెద్దవాడు జవాబు చెప్పడమేమిటి! ఇలాంటివి జరక్కూడదనే కదా ఇంత ఏర్పాటు? ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ రోజూ చేస్తున్న నేరం కూడా అదే, అయినా పట్టుబడింది మాత్రం నేను.

మూడు వారాలకు రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. డెల్ఫీన్ పుస్తకం చెల్లదు. చెల్లని పుస్తకానికి సున్నా. ఆ సున్నా బడి సగటులో కలుస్తుంది. రాష్ట్ర చట్టం ప్రకారం పిల్లకు మళ్ళీ మూడో తరగతే.

జూన్‌లో గ్రేడు వచ్చింది. డీ. సీ వెంట్రుకవాసిలో తప్పింది. ఆ ఒక్క సున్నా లేకపోయినా డీయే వచ్చేదని మిసెస్ ప్రూయిట్ అంటుంది. ఆవిడ మంచిది, అలాగే అంటుంది.

బోర్డు సమావేశం పన్నెండు నిమిషాల్లో ముగిసింది. భవనం అవతలి వాళ్ళదైంది. చూశారా, నా వాదన ఎంత బలపడిందో! పాఠాలు చెప్పే బడి పోయింది, పరీక్ష మాత్రం చెక్కుచెదరలేదు.

జులైలో ఒక శనివారం నేనూ డెల్లీ అటు నడిచి వెళ్తున్నాం. నిచ్చెన వేసి పనివాళ్ళు మా బడి నెత్తిన బ్యానరు కడుతున్నారు. కింద మిసెస్ ప్రూయిట్ అట్టపెట్టెలు కారులో సర్దుకుంటోంది. ఇక ఇక్కడే చదవాలంటే డెల్లీ మళ్ళీ లాటరీలో పేరు వేయాలి. లేదంటే బస్సులో గంట దూరం.

డెల్లీ ఆగింది. బ్యానరు మీది అక్షరాలన్నీ నిదానంగా చదివింది.

"ఎవర్నీ పంపరన్నావు కదా తాతా," అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే.

మెళ్ళో బ్యాడ్జి లేదు. ప్రమాణమూ లేదు. మాట్లాడొద్దని ఈసారి నన్నెవరూ అనలేదు. అయినా గోడకేసి చూశాను.